నవల, కాదంబరి: ఒక యెరవుమాట కథ

మన చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములందు ఒకే వస్తువునకు రెండు పేళ్ళుండుట వింత కాదు. ఇంటిలో ఒక మాట, బడిలో ఒక మాట, సంతలో రెండును కలిసిన మాట మనకు పరిపాటి. అట్టి జంటపేళ్ళలో ఒకటి సాహిత్యమునకు సంబంధించినది. గద్యములో వ్రాయబడిన పెద్ద కల్పితకథను తెలుగువారు నవల యందురు. కన్నడిగులు కాదంబరి యందురు. మన ఇండ్లలో తాతగారి చేతిలోని పుస్తకము నవల. మనుమరాలి చేతిలోని పుస్తకము కాదంబరి. పుస్తకజాతి యొక్కటే, పేళ్ళు మాత్రము రెండు.

ఈ రెండు పేళ్ళలో ఏదియు మొదట ఆ వస్తువు కొరకే పుట్టినది కాదు. ఒకటి ఇంగ్లీషునుండి వచ్చి సంస్కృతపు కట్టుబొట్టులతో మన యింట కాపురము చేసినది. రెండవది ఒక ప్రాచీన గ్రంథము పేరై యుండి, పిమ్మట ఒక సాహిత్యజాతికే పేరైనది. ఈ మాటలు నడిచివచ్చిన దారిని తెలిసికొన్నచో, రెండు భాషల నడుమ తరతరములుగా కాపురమున్న మనవంటి వారి స్థితి కూడ కొంత తేటపడును. అందుచేత నాకు తెలిసినంతలో ఆ కథను ఇచట విన్నవించుచున్నాను.

"ఎరువు సొమ్ము బరువు చేటు" అని మన పెద్దల సామెత. నగల విషయములో ఈ మాట నిజమే. ఎరవు తెచ్చిన నగను తిరిగి యీయవలెను, పోయినచో మాట పడవలెను. పదముల విషయములో ఈ సామెత చెల్లదు. ఎరవు తెచ్చుకొన్న పదమును తిరిగి యీయ నక్కరలేదు; ఇచ్చినవానికి తరుగును లేదు. తెచ్చుకొన్నవాడు దానిని కరగించి తనకు నచ్చిన నగగా చేయించుకొనవచ్చును. నవల యను మాటకు జరిగినది సరిగా ఇదియే.

లాటిను భాషలో నోవుస్ అనగా క్రొత్త యని అర్థము. దాని నుండి ఇటలీ దేశపు భాషలో నొవెల్లా అను మాట యేర్పడినది. క్రొత్త వార్త, క్రొత్త చిన్నకథ యని దాని భావము. పదునాల్గవ శతాబ్దిలో బొకాచియో అను ఇటలీ రచయిత డెకామెరాన్ అను పేరుతో కూర్చిన నూరు కథలు ఈ జాతివే. పదునారవ శతాబ్దిలో ఈ మాట ఇంగ్లీషునకు వచ్చి, మొదట చిన్నకథకే చెల్లినది. పదునెనిమిదవ శతాబ్దిలో డీఫో వ్రాసిన రాబిన్సన్ క్రూసో (1719), రిచర్డ్‌సన్ వ్రాసిన పమేలా (1740) వంటి పెద్ద గద్యకథలు వెలువడిన పిమ్మట క్రమముగా ఆ పెద్ద కథలకే నావెల్ అను పేరు స్థిరపడినది. అనగా ఒక మాట ఒక దేశము దాటి మరియొక దేశము చేరునప్పటికి చిన్నది పెద్దదైనది.

ఇంగ్లీషువారు నొవెల్లాను తీసికొనిరి కాని, ఫ్రాన్సు, జర్మనీ దేశములవారు పెద్ద కథకు మరియొక పేరు పెట్టిరి. అది రొమాన్. పండితుల లాటినులో గాక ప్రజలు మాటలాడు రోమను దేశభాషలో చెప్పిన కథ యని దాని మూలార్థము. మన దేశములో సంస్కృతము మాని దేశభాషలో కావ్యము చెప్పినవారిని తలచుకొన్నచో ఈ పేరు యొక్క ఔచిత్యము మనకు సులభముగా బోధపడును.

ఈ రెండు మాటలును తూర్పు ఐరోపాలోని స్లావు జాతుల భాషలకు కూడ వలస పోయినవి. అచట వాని గతి విచిత్రముగా నున్నది. రష్యనులో పెద్ద నవలను రొమాన్ అందురు. చెక్కు, సెర్బియను, క్రొయేషియను, బల్గేరియను, ఉక్రెయిను భాషలలోను అదే మాట. ఆ భాషలన్నిటిలో నొవెలా, నొవెల్లా అను మాట కూడ కలదు. కాని అది పెద్ద నవల కాదు, చిన్నకథయో మధ్యరకపు కథయో అగును. ఇంగ్లీషు నావెల్‌కు అది తోబుట్టువే యైనను, అచట దాని పరిమాణము వేరు. ఇంగ్లీషు చదివిన మనిషి ఆ దేశములకు పోయి నొవెలా యడిగినచో చేతిలో పలుచని పుస్తకము పడును.

పోలెండువారు ఇంకొక దారి పట్టిరి. వారు పెద్ద నవలకు పరభాషాపదమును వలదని, చెప్పుట యను అర్థము గల తమ స్వంత ధాతువునుండి పొవ్యేశ్చ్ అను మాటను నిలుపుకొనిరి. వారి భాషలో రొమాన్‌కు చుట్టమైన రొమాన్స్ అను మాట ప్రేమకథకు మాత్రమే చెల్లును. రష్యనులోను పోలెండువారి మాటకు తోబుట్టువైన పోవెస్త్ కలదు. కాని రష్యనులో అది నవలకంటె చిన్నది, కథకంటె పెద్దది. ఒకే వంశపు భాషలు, ఇరుగుపొరుగు దేశములు. అయినను ఒకే మాట ఒక యింట గంపెడు, మరియొక యింట చేరెడు. ఇంతేకాదు. రష్యా మహాకవి పుష్కిను పద్యములలో వ్రాసిన యెవ్‌గెనీ అనేగిన్‌ను పద్యరొమాన్ అని పిలిచెను. అది సంపూర్ణ గ్రంథముగా 1833లో వెలువడినది. గొగోలు 1842లో ప్రకటించిన మృతజీవులు అను గద్యగ్రంథమును కావ్యమని పిలిచెను. పద్యమును నవల యని ఒకరు, గద్యమును కావ్యమని ఒకరు! ఎరవుమాట చేతికి వచ్చిన పిమ్మట దానికి అర్థము చెప్పువాడు తెచ్చుకొన్నవాడే కాని యిచ్చినవాడు కాడనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

ఇక మన దేశమునకు వత్తము. పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లీషు చదువులతో పాటు నావెల్ అను వస్తువు భారతదేశమునకు వచ్చినది. వస్తువు ఒక్కటే యైనను ఒక్కొక్క భాష దానికి ఒక్కొక్క పేరు పెట్టినది. బంగాళీలు ఉపన్యాసమనిరి, 1865లో వెలువడిన బంకించంద్రుని దుర్గేశనందిని వారి భాషలో ఆ జాతికి దారిచూపిన గ్రంథము. హిందీ, ఒడియా, అస్సామీ భాషలవారు కూడ ఆ పేరునే స్వీకరించిరి. గుజరాతీవారు నవలకథ యనిరి; నందశంకర మెహతా వ్రాసిన కరణఘేలో 1866 నాటిది. మరాఠీవారు కాదంబరి యనిరి. 1857లో బాబా పద్మన్‌జీ ప్రకటించిన యమునా పర్యటన్ ఆ భాషలో తొలి నవలగా లెక్కింపబడుచున్నది. ఉర్దూ, మలయాళ భాషలవారు ఇంగ్లీషు మాటనే కొలదిగా మార్చి వాడుకొనిరి. చందుమేనోన్ వ్రాసిన ఇందులేఖ (1889) మలయాళమున సుప్రసిద్ధము. తమిళులు నావల్ అనుచు, ప్రక్కనే పుదినమను స్వంతపదమును కూడ కల్పించుకొనిరి. పుదు అనగా క్రొత్త. లాటినులోని భావమునే వారు తమ ధాతువుతో చెప్పిరన్నమాట.

తెలుగువారి నామకరణోత్సవము కొంత ఆలస్యముగా జరిగినది. బిడ్డ ముందు పుట్టి, పేరు వెనుక వచ్చినది. 1872లో నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారు శ్రీరంగరాజ చరిత్రమును ప్రకటించిరి. దానిని వారు నవీన ప్రబంధమనిరి. 1878లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ వివేకవర్ధని పత్రికలో రాజశేఖర చరిత్రమును ప్రకటింపసాగిరి. అది 1880లో పుస్తకరూపమున వచ్చినది. గోల్డ్‌స్మిత్ అను ఇంగ్లీషు రచయిత 1766లో ప్రకటించిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ అను గ్రంథము దానికి ప్రేరణ. పంతులుగారు తమ గ్రంథమును వచన ప్రబంధమనిరి. అప్పటి తెలుగువారికి పెద్ద కల్పితకథ యనగా మనుచరిత్ర వంటి ప్రబంధమే తెలియును. అందుచేత వచనములో వచ్చిన ప్రబంధమనుట సహజమే.

ఆ గ్రంథమును విమర్శించుచు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు దానిని నవల యనిరి. ఇంగ్లీషు ధ్వనిని విడువకుండ, సంస్కృతవ్యుత్పత్తిని కూడ చూపిరి. నవ యనగా క్రొత్త. లా యను ధాతువునకు గ్రహించుట యని యర్థము. క్రొత్త విశేషములను గ్రహించునది కావున నవల. ఆ విమర్శలోని వాదములు నేడు పండితులకు మాత్రమే జ్ఞాపకము. ఆ పేరు మాత్రము తెలుగువారి నోట నిలిచిపోయినది. గ్రంథకర్త పెట్టిన పేరు పోయి విమర్శకుడు పెట్టిన పేరు నిలుచుట సాహిత్యములో తరచుగా జరుగునది కాదు.

శాస్త్రిగారి వ్యుత్పత్తి చమత్కారము మాత్రమే యని నవ్వువారు కలరు. కాని అందులో ఒక నిజమున్నది. లాటిను నోవుస్, సంస్కృత నవ, రష్యను నోవీ, ఇంగ్లీషు న్యూ అన్నియు ఒకే మూలమునుండి పుట్టిన దాయాదులని భాషాశాస్త్రజ్ఞులు నిరూపించిరి. కాబట్టి నావెల్‌లోని మొదటి భాగమును శాస్త్రిగారు నవ యనుట దాయాదిని దాయాదితో కలుపుటయే. వేల యేండ్ల క్రిందట విడిపోయిన ఇద్దరు జ్ఞాతులు గోదావరి తీరమున తిరిగి కలిసికొనిరని చెప్పవచ్చును.

పేరు కుదిరిన పిమ్మట పంట పండినది. రాజమహేంద్రవరములో న్యాపతి సుబ్బారావు పంతులుగారు నడపిన చింతామణి పత్రిక 1890 ప్రాంతపు దశాబ్దిలో నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చినది. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి రామచంద్ర విజయము 1894లో అట్లు బహుమానమందినదే. ఆ పత్రిక పేరు మన చింతామణి పట్టణము పేరొక్కటే యగుట కేవలము కాకతాళీయము. మన చింతామణి, చింతామణిరావు అను మరాఠా నాయకుని పేర వెలసినదని చెప్పుదురు. అయినను తెలుగు నవలను పెంచిన పత్రికకు మన ఊరి పేరుండుట వినుటకు ఇంపుగా నున్నది.

కన్నడము త్రోవ వేరు. ఏడవ శతాబ్దిలో హర్షచక్రవర్తి యాస్థానమందుండిన బాణభట్టు సంస్కృతమున కాదంబరి యను గద్యకావ్యమును వ్రాయ మొదలిడి, ముగియకుండగనే మరణించెను. కుమారుడు దానిని పూర్తిచేసెను. సుమారు వేయి సంవత్సరములకు పూర్వము మొదటి నాగవర్మ ఆ కథను కన్నడమున చంపూకావ్యముగా రచించెను. అదియే కర్ణాటక కాదంబరి. కనుక పందొమ్మిదవ శతాబ్దిలో నావెల్ వచ్చినప్పుడు, పెద్ద గద్యకథ యనగానే కాదంబరి స్ఫురించుటకు కన్నడమున పాతపరిచయము కలదు. పైగా ఉత్తర కర్ణాటకము ఆనాడు బొంబాయి రాజధానిలో నుండుటచే మరాఠీ గ్రంథములు కన్నడమునకు దగ్గరి పొరుగులైనవి. గళగనాథులు (1869–1942) మరాఠీనుండి చారిత్రక నవలలను కన్నడములోనికి తెచ్చి, పుస్తకములను మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి. మైసూరు సీమలో బి. వెంకటాచార్యులు బంకించంద్రుని నవలలను కన్నడించిరి. 1899లో మంగళూరున వెలువడిన గుల్వాడి వెంకటరావుగారి ఇందిరాబాయి కన్నడమున స్వతంత్ర సాంఘిక నవలలకు నాంది. ఈ విధముగా బాణుని పుస్తకము పేరు ఒక జాతి పుస్తకములన్నిటికి పేరైనది. తెలుగు ఇంగ్లీషు మాటను కరగించి సంస్కృతపు అచ్చులో పోసినది. కన్నడము ఇంగ్లీషు వస్తువును తీసికొని తన యింటనున్న పాత పెట్టెలో భద్రపరచినది. ఏది మేలని తగవులాడవలసిన పని లేదు.

ఇచట ఒక చిన్న వింత గలదు. తెలుగు నిఘంటువులలో నవల, నవలా అనగా స్త్రీ యని యొక పాత అర్థము కలదు. పద్యములు చదివినవారికి అది తెలిసినదే. కాదంబరియో బాణుని కథలో గంధర్వరాజు కుమార్తె, కథానాయిక. రెండు భాషలవారు ఒకరితో నొకరు సంప్రదించుకొనకయే ఒకే వస్తువునకు ఆడుబిడ్డ పేరు పెట్టిరి. తెలుగున నవలను ప్రాణముగా చదివినవారిలోను, వ్రాసి మెప్పించినవారిలోను స్త్రీలు పెద్దసంఖ్యలో నుండుట చూచినచో ఈ పేళ్ళు శకునము పలికినట్లే యున్నవి.

జంటభాషల యిండ్లలో పుట్టినవారికి ఈ మాటల వలన కొన్ని చిక్కులును గలవు. హిందీవారు ప్రేమచందును ఉపన్యాస సమ్రాట్టని కీర్తింతురు. తెలుగు, కన్నడములు రెంటిలోను ఉపన్యాసమనగా సభలో చేయు ప్రసంగము. హిందీ పాఠములో ఆ బిరుదును చూచిన మన పిల్లవాడు ఆయన గొప్ప వక్త యని తలచినచో తప్పు పట్టలేము. ప్రబంధమను మాట ఇంకను తంటా పెట్టును. తెలుగున ప్రబంధమనగా పెద్దనగారి మనుచరిత్ర జాతి కావ్యము. కన్నడమున ప్రబంధమనగా మనము వ్యాసమనునది. హిందీలో ప్రబంధమనగా ఏర్పాటు, నిర్వహణ. బడిలో పంతులుగారు ఆవును గూర్చి ప్రబంధము వ్రాసికొని రమ్మనిరని మనుమడు చెప్పగా, తెలుగు చదివిన తాత ఆవుమీద ప్రబంధమేమని విస్తుపోవును. ఇట్టి చిక్కులు నవ్వుకొనదగినవే గాని బాధపడదగినవి కావు. రెండు భాషలు తెలిసినవారికే ఈ నవ్వు దక్కును.

ఇంతవరకు మాటల చరిత్ర. ఇక మన సంగతి. చిక్కబళ్ళాపురము 2007లో ప్రత్యేక జిల్లా యగువరకు కోలారు జిల్లాలోనిదే. 1956లో భాషల ననుసరించి రాష్ట్రములను పునర్వ్యవస్థీకరించినప్పుడు ఈ సీమ మైసూరులోనే నిలిచినది. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటకమైనది. ఉత్తరమున బాగేపల్లి దాటిన అనంతపురపు సీమ, తూర్పున చింతామణి దాటిన మదనపల్లె సీమ. గీత ఎచట గీచినను ఇరుప్రక్కల ఇంటిమాట తెలుగే. అయినను బడి కన్నడము, కచ్చేరి కన్నడము, పత్రిక కన్నడము. ఇది న్యాయమే; ఏ రాష్ట్రమునకు ఆ రాష్ట్రభాష ఉండవలసినదే.

ఈ స్థితిలో మన తెలుగు మాటలు రెండు తెగలైనవి. కొన్ని చెవిద్వారా వచ్చును. అమ్మ, అత్త, చింతపండు, రాగిసంకటి, కాపు, కల్లము. ఇవి ఒడిలో నేర్చుకొనునవి. వీనికి అక్షరము అక్కరలేదు. మరికొన్ని కంటిద్వారా మాత్రమే వచ్చును. నవల అట్టి మాట. తెలుగు అక్షరము వచ్చి, తెలుగు పుస్తకము తెరచినవానికే అది అలవడును. బడిలో కన్నడము నేర్చిన పిల్లకు ఆ వస్తువు కాదంబరిగానే పరిచయమగును. తెలుగు చదువు లేని యింట తల్లిదండ్రులు నిత్యము తెలుగు మాటలాడినను, నవల యను మాట ఆ యింట పలుకుట కవకాశము తక్కువ. కాబట్టి నా దృష్టిలో ఈ ఒక్క మాట మన యిండ్లలో తెలుగు ఎంత యున్నదో కొలుచు గిద్దె వంటిది. పలుకు తెలుగును కొలువదు; చదువు తెలుగును కొలుచును.

పాటకు ఈ గతి పట్టలేదు. చింతామణి తాలూకా కైవారములో నారేయణ తాతయ్యగారు తెలుగునను కన్నడమునను కీర్తనలు చెప్పిరి. తెలుగు అక్షరము రానివారు సైతము ఆ తెలుగు కీర్తనలను నేటికిని పాడుచున్నారు. కన్నడలిపిలో వ్రాసికొని నేర్చుకొనువారెందరో కలరు. పాట చెవినుండి నోటికి, నోటినుండి చెవికి ప్రయాణము చేయగలదు. భజన జరిగినంతకాలము దానికి చావు లేదు. మూడువందల పుటల నవలకు ఆ దారి లేదు. దానికి కన్ను కావలెను, అక్షరము కావలెను, తీరిక కావలెను. అందుచేతనే మన సీమలో తెలుగు పాట నిలిచియుండగా తెలుగు నవల జారిపోవుచున్నది.

వెనుకటి తరమునందు వారపత్రికలు ఈ కొరతను కొంత తీర్చినవి. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ వంటి వారపత్రికలలో ధారావాహికలుగా వచ్చిన నవలలను చేతులు మారి చదివిన కుటుంబములు కలవు. ఒకరు చదువుచుండగా తక్కినవారు వినుటయు కలదు. ధారావాహిక యనగా నాడు తెలుగువారికి వారము వారము వచ్చు నవల. నేడు కన్నడమున ధారావాహి యన్నచో దూరదర్శన పెట్టెలో ప్రతిరాత్రి వచ్చు నాటకమే స్ఫురించును. తెలుగువారో దానిని సీరియల్ అనుచున్నారు. మాట అదే యైనను చదువువాడు పోయి చూచువాడు వచ్చెను.

కొందరు ఇట్లనవచ్చును: పుస్తకము చదువుటయే ముఖ్యము, అది కాదంబరియైన నేమి, నవలయైన నేమి? ఈ ప్రశ్న తోసిపుచ్చదగినది కాదు. కాదంబరిని చదువు పిల్ల ఏమియు చదువని పిల్లకంటె ఎంతయో ధన్యురాలు. మన సీమవారు కన్నడమును పరభాషగా ఎన్నడును చూడలేదు. చిక్కబళ్ళాపురమునకు చేరువనున్న ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులు ఆంధ్రదేశమునుండి వచ్చినవారు. ఆయన మైసూరు దివానుగా నున్న కాలముననే, 1915లో కన్నడ సాహిత్య పరిషత్తు వెలసినది. దాని స్థాపనకు ఆయన ప్రోత్సాహము ముఖ్యమైనది. కోలారు జిల్లా మాలూరు తాలూకాకు చెందిన మాస్తి వెంకటేశ అయ్యంగారుగారి ఇంటిభాష తమిళము. ఆయన 1956లో ప్రకటించిన చిక్కవీర రాజేంద్ర కన్నడ కాదంబరులలో మేటి. 1983 సంవత్సరపు జ్ఞానపీఠము ఆయనకు లభించినది. ఇంటిభాష వేరైనవారు కన్నడమునకు సేవచేయుట మన సీమకు క్రొత్త గాదు, తలవంపును గాదు.

అయినను ఒక భేదము గమనింపదగినది. ఆ పెద్దలు ఒక భాషను నేర్చుటకై మరియొక భాషను పోగొట్టుకొనవలెనని తలచినవారు కారు. రెండు మాటలు తెలిసి ఒకటి వాడుట కలిమి. ఒకటియే తెలిసి అదియే వాడుట వేరు. నవల యను మాటను మరచినచో పోవునది మాట యొక్కటే యైనచో విచారింప నవసరము లేదు. ఆ మాట వెంట రాజశేఖర చరిత్రము నుండి విశ్వనాథవారి వేయిపడగల వరకు, ఆ పిమ్మటి రచనల వరకు గల ఒక పెద్ద భాండాగారము మూతపడును. ఇంటిలో పలుకు భాషలోనే అంత సాహిత్యమున్నదని తెలియని బిడ్డకు, ఆ భాష వంటయింటికి, పశువులకొట్టమునకు మాత్రమే తగినదను భావము కలుగును. అట్టి భావము కలిగిన పిమ్మట ఆ బిడ్డ తన బిడ్డతో తెలుగు మాటలాడుట కూడ సందేహమే. చదువు తెలుగు పోయిన యింట పలుకు తెలుగునకు ఆయుర్దాయము తక్కువ. ఇదియే నా భయము.

ఈ భయమునకు మందు దూరమున లేదు. తెలుగు, కన్నడ లిపులు ఒకే పూర్వలిపినుండి విడివడిన అక్కచెల్లెండ్రు. ప్రాచీన శాసనముల లిపిని తెలుగు కన్నడ లిపి యని కలిపి పిలుచుట కలదు. నేటికిని అక్షరములు చాలవరకు ఒకే పోలికతో నున్నవి. తలకట్టులోను, కొన్ని గుణింతపు గుర్తులలోను, కొన్ని వ్రాతలలోను మాత్రమే భేదము. తెలుగు మాటలాడుచు కన్నడము చదువు పిల్లకు తెలుగు అక్షరము నేర్పుట క్రొత్త చదువు చెప్పుట కాదు. తెలిసిన మనిషికి తలపాగా మార్చి చూపుట వంటిది. సెలవులలో దినమునకు ఒక గంట కూర్చుండబెట్టినచో చాలును.

అక్షరము వచ్చిన పిమ్మట ఏమి చదివింపవలెనన్న ప్రశ్న వచ్చును. రెండు భాషలలోను గల గ్రంథములతో మొదలుపెట్టుట మేలు. గోర్కీ వ్రాసిన రష్యను రొమాన్ ఒకటి తెలుగున అమ్మ యను నవలగా, కన్నడమున తాయి యను కాదంబరిగా వచ్చినది. తెలుగు అనువాదము క్రొవ్విడి లింగరాజుగారిది, కన్నడమున నిరంజనగారిది. ఎస్.ఎల్. భైరప్పగారి పర్వ తెలుగునకు వచ్చినది. వారి వంశవృక్షమును బాపుగారు 1980లో తెలుగు చలనచిత్రముగా తీసిరి. యండమూరి వీరేంద్రనాథ్‌గారి తులసిదళము కన్నడమునకు పోయి, 1985లో కన్నడ చలనచిత్రము కూడ అయినది. ఒక పుస్తకమును తాత తెలుగున, మనుమరాలు కన్నడమున చదివి, సాయంకాలమున కథ చెప్పుకొన్నచో ఇరువురికిని లాభము. తాతకు కాదంబరి తెలియును, మనుమరాలికి నవల తెలియును.

మన సంఘము ఏటేట ఉగాదికి కవిసమ్మేళనములు, పాటల పోటీలు జరుపుచున్నది. అవి జరుగవలసినవే. వానితో పాటు పిల్లలకు తెలుగు నవలాపఠనమునకు ఒక చిన్న బహుమతి యేర్పరచిన బాగుండునని నా మనవి. రాజమహేంద్రవరపు చింతామణి పత్రిక నాడు నవలలు వ్రాయువారికి బహుమతు లిచ్చినది. నేడు మన చింతామణివారు నవలలు చదువు పిల్లలకు బహుమతు లీయవచ్చును. వేయి రూపాయలతో కాదు, ఒక మంచి పుస్తకముతోనే అది సాధ్యము.

మాటలు దేశములు తిరుగునవి. ఇటలీలో పుట్టినది ఇంగ్లండు చేరి పెద్దదైనది, స్లావు దేశములలో చిన్నదిగానే యుండినది, గోదావరి తీరమున సంస్కృతము నేర్చినది. దానిని మన పూర్వులు పాలాఱు, పెన్న, చిత్రావతి పుట్టు ఈ సీమ ఇండ్లకు కూడ పుస్తకరూపమున తెచ్చుకొనిరి. ఇంతదూరము నడచివచ్చిన మాట మన గడపలో ఆగిపోకుండ చూచుట మన చేతిలోని పని. వచ్చే వేసవి సెలవులలో ప్రతి యింట ఒక పిల్లకు తెలుగు అక్షరము నేర్పి, ఒక నవలను చేతికిత్తము.